ఆ దేశపు సూదులు

ఇకమీద ఆ దేశం సూది ఈ గదిలో కనపడకూడదని మాస్టారు చెప్పినప్పుడు మిషన్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగాయి. అంత నిశ్శబ్దం ఆ గదిలో కరెంటు పోయినప్పుడే ఉంటుంది. అందులో, అందరూ రేడియో అని పిలిచే ఆమె ఒక్కతే నవ్వింది.

"సూదులేం చేశాయి మాస్టారూ? ఎయిర్‌పోర్టులో డ్యూటీ చేసింది అవేనా?"

మిగతా ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే మాస్టారు అప్పటికప్పుడు మెట్లు దింపేసేవాడు. రేడియోను దింపలేడు. చనిపోయిన అతని భార్యదీ ఆమెదీ పక్కపక్క మిషన్లు. ఒకే దీపం కింద ఏళ్ళ తరబడి కుట్టారు. ఒకరి దారపుకండె అయిపోతే రెండోవాళ్ళు అడక్కుండానే అందించేవాళ్ళు. ఇప్పుడు ఆ పక్క మిషను మీద గుడ్డ కప్పి ఉంది.

"నవ్వొస్తే కిందకెళ్ళి నవ్వి రా," అన్నాడు.

"కోటుకింతని కుట్టేదాన్ని. కిందకెళ్ళి నవ్వితే నా నవ్వుకి కూలెవరిస్తారు?" అంటూ రేడియో మళ్ళీ కాలు ఆడించింది.

నోరు మూసుకుని కుట్టడం ఆమెకు రాదు. పొద్దున దీపం వెలిగినప్పుడు మొదలుపెడితే సాయంత్రం దీపం ఆర్పేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. ఎదురింటి వాళ్ళ గొడవ, కూరగాయల బండివాడి కోతలు, తన మొగుడి గురక. ఆ పేరు పెట్టింది మాస్టారి భార్యే. రేడియో ఆగిందంటే మిషను చెడిందని అర్థం అనేది.

కింద ఇనప సామాన్ల కొట్టు, పైన ఈ కుట్టుగది. వానకోట్లు కుడతారు. రబ్బరు పూసిన మందపాటి గుడ్డ, వేడికి దాని వాసన గోడలకు పట్టి ఉంటుంది. మాస్టారు బల్ల దగ్గర నిలబడి కత్తిరిస్తాడు, ఆడవాళ్ళు కుడతారు, కోడలు లెక్కా సరుకూ చూస్తూ మధ్యలో ఒక మిషను తొక్కుతుంది. కొడుకు లారీ మీద ఉంటాడు, ఇంట్లో ఉన్నది తక్కువ.

కోడలు మిషన్ల సొరుగులు ఒక్కొక్కటే లాగి, పాత సూదుల డబ్బాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మిషన్లు కూడా అక్కడివే కదా మామయ్యా."

"అవి గొడవకి ముందు కొన్నవి."

"ఈ సూదులూ ముందు కొన్నవే."

"సూది అరుగుతుంది. మళ్ళీ కొనాలి. మనం మళ్ళీ కొన్న ప్రతిసారీ అది వాళ్ళకి పోతుంది. మిషను అలా కాదు." అతను ఈ సంగతి రాత్రే ఆలోచించి పెట్టుకున్నాడు. జవాబు జేబులోంచి తీసినట్టు తీశాడు.

కొత్త సూదులు వేరే కంపెనీవి. పొడుగు సరిపోయింది, మొన బాగానే ఉంది. కానీ కాడ వెంట్రుకవాసి సన్నం. మిషనులో బిగిస్తే నిలవదు, పక్కకి ఒరుగుతుంది. దానికి కూడా మాస్టారి దగ్గర ఉపాయం ఉంది. మాత్రలు అయిపోయిన రేకు తీసుకున్నాడు. కత్తెరతో గోరంత ముక్క కోశాడు. సూది కాడకి ఒక్క చుట్టు చుట్టి, నొక్కి, మరబిగించాడు. చక్రం చేత్తో మెల్లగా తిప్పాడు. సూది నిటారుగా దిగి, పలకలోని రంధ్రంలోకి వెళ్ళి, నిటారుగా పైకొచ్చింది.

"చూశారా," అన్నాడు. "మనసుంటే మార్గం ఉంటుంది."

"మాత్రల రేకు చుట్టారు కదా," అంది రేడియో. "సూదికి జ్వరం వచ్చినా మనం భయపడక్కర్లేదు."

ఈసారి కోడలు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. మాస్టారు నవ్వలేదు. భార్య పోయాక అతను నవ్వింది ఎవరూ చూడలేదు.

ఈ ఆలోచన అతనిది కాదు. ముందురోజు సాయంత్రం బావమరిది వచ్చి పెట్టివెళ్ళాడు. బావమరిదిది టూర్ల ఆఫీసు. అతని అక్క, మాస్టారి భార్య, చనిపోయింది అతను తీసుకెళ్ళిన టూరులోనే. ఆ దేశంలో దిగగానే ఎయిర్‌పోర్టు వాళ్ళు ఆమెను ఏదో అనుమానమని వరుసలోంచి బయటికి లాగారు. చేతిసంచీ లాక్కున్నారు. ఉబ్బసానికి పీల్చే మందుపంపు ఆ సంచీలోనే ఉంది. ఆమెను ఒక గదిలో కుర్చీలో కూర్చోబెట్టి తలుపేశారు. తెల్లారి తలుపు తీసేసరికి అదే కుర్చీలో చనిపోయి ఉంది.

ఆ తర్వాత బావమరిది తన ఆఫీసుకు పెద్ద గుడ్డ కట్టించాడు: ఆ దేశానికి మా టూర్లు లేవు. మిగతా ఆఫీసుల వాళ్ళూ కట్టారు. ఒక కమిటీ పుట్టింది. దానికి బావమరిది అధ్యక్షుడు, మాస్టారికి వేదిక మీద కుర్చీ.

"వెళ్ళం అన్నాక వాళ్ళ సరుకు కొంటే ఎలా బావా?" అన్నాడు ముందురోజు, టీ గ్లాసు చేతుల మధ్య తిప్పుతూ. "వాళ్ళింటికి రామని ఒట్టేసుకుని, వాళ్ళ పెరట్లో కాయలు కోసుకున్నట్టు ఉంటుంది. నీ గదిలో సూదులు అక్కడివట కదా. రేపు ఎవడైనా అడిగితే మన మొహాలెక్కడ పెట్టుకుంటాం? ఆదివారం సభ. సరుకంతా కుప్ప పోసి తగలబెడుతున్నాం. మొదటి డబ్బా నీ చేతిదే పడాలి."

మాస్టారికి అది న్యాయంగానే తోచింది. కోపంగా ఉన్నవాడికి ఏం చెప్పినా, అది ఇంకాస్త కోపం తెచ్చుకోమనే మాటైతే, న్యాయంగానే తోస్తుంది.

సూదులు మార్చిన మర్నాడు పొద్దున్నే ఒక ఫోను వచ్చింది. మాస్టారు అప్పటికి బల్ల మీద గుడ్డ పొరలు పరిచి, సుద్దతో వీపు ముక్కలు గీస్తున్నాడు. అవతల, ఆ దేశంలో ఉండి భార్య కేసు చూస్తున్న లాయరమ్మ. అక్కడే పుట్టి పెరిగిన మనిషి. మన మాటే మాట్లాడుతుంది గానీ, వాడకం లేక తుప్పు పట్టిన తాళం తిప్పినట్టు ఒక్కో మాటా ఆగి ఆగి వస్తుంది.

"విచారణ పెట్టారండి. ఇన్నాళ్ళకి ఒప్పుకున్నారు. వచ్చే నెల మొదట్లో. మీరు రావాలి."

"రాను."

"వినండి. ఇంటివాళ్ళెవరూ రాకపోతే ఒక్క పూటలో ముగిస్తారు. కుటుంబానికి అభ్యంతరం లేదు అని రాసి మూసేస్తారు."

"అభ్యంతరం లేదా?"

"రాకపోతే అలాగే రాస్తారండి. ఇక్కడ పద్ధతి అదే."

"మీరున్నారు కదా. మీరడగండి."

"అడుగుతాను. కానీ ఆవిడ నాకేమవుతుంది? నాలాంటి వాళ్ళని వాళ్ళు రోజూ చూస్తారు. మీ మొహం చూస్తూ చెప్పాల్సి వస్తే వేరు."

మాస్టారు సుద్ద బల్ల మీద పెట్టాడు. "అమ్మా, నా భార్యని కుర్చీలో కూర్చోబెట్టి చంపిన దేశం అది. దాని గడప నేను తొక్కను. మీ వీసాకి దండం పెట్టను. చెప్పండి వాళ్ళకి."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"చెబుతాను. ఇంకొక్కటి. ఆ రోజు ఆవిడని తీసుకొచ్చిన పెద్దమనిషి కూడా రావాలి. సంచీలో మందు ఉందని అతను ఆఫీసర్లకి చెప్పాడా లేదా అన్నది తేలాలి. చాలాసార్లు ఫోన్ చేశాను. ఎత్తట్లేదు."

"వాడూ ఆ గడప తొక్కడు," అన్నాడు మాస్టారు. ఆ మాట గర్వంగానే అన్నాడు.

ఫోను పెట్టేసి తిరిగేసరికి గది మొత్తం అతని వైపే చూస్తోంది. జరిగింది చెప్పాడు. తానేమన్నాడో ఇంకాస్త గట్టిగా చెప్పాడు. ఆడవాళ్ళు తలలూపారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. రేడియో మాత్రం కోటు చెయ్యి తిరగేస్తూ, తనలో తాను అనుకున్నట్టుగా అంది.

"అయితే అక్కడ అక్క గురించి అడిగేవాళ్ళు ఎవరూ ఉండరన్నమాట."

"నీకు తెలియదు, కుట్టు."

"కుడుతున్నాను."

ఆ సాయంత్రం బావమరిది ఫోను చేసి పొగిడాడు. లాయరమ్మకి చెప్పిన జవాబు సభలో మైకులో మళ్ళీ చెప్పమన్నాడు. గడప తొక్కను అన్న మాట బాగుందనీ, అది గుడ్డల మీద రాయిస్తాననీ అన్నాడు.

సూదులు విరగడం మొదలైంది. గుడ్డ ఒక పొర అయితే వెళ్ళిపోయేది. మెడపట్టీ దగ్గర, చంక దగ్గర పొరలు మందమవుతాయి. అక్కడికొచ్చేసరికి టప్‌మని శబ్దం. ఆడవాళ్ళు కాలు తీసి, ముక్క వెతికి, కొత్త సూదికి కొత్త రేకు చుట్టి, బిగించి, చక్రం తిప్పి చూసుకుని మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. కోటుకింతని కుట్టేవాళ్ళకి ఆ టైము ఎవరి ఖాతాలో పోతుందో మాస్టారు అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. వానలు దగ్గర పడ్డాయి. కోట్లు అడిగిన కొట్టువాడు రోజూ మనిషిని పంపుతున్నాడు.

కోడలు ఒకసారి బల్ల దగ్గరికి వచ్చింది. "మామయ్యా, మెడపట్టీల వరకైనా పాత సూదులు వాడనివ్వండి. కుప్పలో వెయ్యడానికి ఎలాగూ ఖాళీ డబ్బాలున్నాయి. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తున్నాను."

ఆమె ఇంకేమీ అనలేదు. వెళ్ళి తన మిషను దగ్గర కూర్చుంది. రేడియో అందుకుంది.

"ఆ కత్తెర ఏ ఊరిది మాస్టారూ? బలే తెగుతుంది."

అతనికి తెలుసు ఆమె ఎక్కడికి వస్తోందో. కత్తెర పిడి కిందే ఆ దేశం పేరు చెక్కి ఉంది. "ఇది నా పెళ్ళికి ముందుది."

"అదీ సంగతి. పెళ్ళికి ముందువి ఇంట్లోకి, పెళ్ళి తర్వాతవి వీధిలోకి. మా ఆయన కూడా ఇదే రూలు పెడితే నేనెక్కడుండాలో."

నవ్వులు లేచాయి. మాస్టారు కత్తెర బల్లకేసి కొట్టాడు. "నీకేమైనా తెలుస్తోందా అసలు? పోయింది నా మనిషి. నీ మనిషి కాదు."

రేడియో మిషను ఆపలేదు. మొహం ఎత్తలేదు. "అత్త మీద కోపం దుత్త మీద చూపిందట వెనకటికో కోడలు. దుత్త పగిలితే పగిలింది, దానికి నొప్పి లేదు. ఇక్కడ దుత్తలు లేవు మాస్టారూ. మా వేళ్ళున్నాయి."

"కుట్టలేకపోతే మానెయ్."

"మానేస్తే మీకు హాయి. మానను." ఆపైన ఆమె బండివాడి కథ ఎత్తుకుంది. వాడు కుళ్ళిన టమాటాలు మంచివాటి కింద ఎలా దాస్తాడో, తను చెయ్యి పెట్టి ఎలా బయటికి లాగిందో. గది మళ్ళీ తేలికపడింది. మాస్టారు వాళ్ళకి వీపు తిప్పి ముక్కలు కోస్తున్నాడు. కథలో బండివాడు తక్కెడ ఎత్తాడు. రేడియో, అప్పుడు నేనేమన్నానో తెలుసా, అంది.

ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

అతను కత్తెర పట్టుకునే తిరిగాడు. రేడియో కూర్చునే ఉంది. అరవలేదు. ఎడమచేతి చూపుడువేలు మిషను పలక మీద ఉంది, దాని మీద గుడ్డని నొక్కిపట్టే ఇనప పాదం దిగి ఉంది. రేకు జారిన సూది ఒరిగి, పాదానికి తగిలి విరిగి, గోరులోంచి లోపలికి దిగింది. ఆమె నోరు తెరిచే ఉంది. అందులో బండివాడికి చెప్పిన జవాబు ఇంకా ఉన్నట్టే ఉంది.

కోడలే ముందు లేచింది. కరెంటు తీసేసింది. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి పాదం ఎత్తింది. వేలు పైకొచ్చింది గానీ సూది మొన రాలేదు. రక్తం వానకోటు మీద ఇంకలేదు. నీళ్ళు ఇంకకుండా పూసిన గుడ్డ కదా, జారి నేల మీద పడింది. పలక మీద మాత్రల రేకు ముక్క మెలితిరిగి మెరుస్తోంది. మాస్టారు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"నడవండి మామయ్యా. తర్వాత చూద్దురుగాని," అంది కోడలు.

ఆసుపత్రిలో మొన తీశారు. రెండు ముక్కలయిందట, రెండోది ఎముకను పట్టుకుందట. దానికోసం కోయాల్సి వచ్చింది. బయటికొచ్చిన డాక్టరు మాస్టారిని చూసి భర్త అనుకున్నాడు. వేలు ఉంటుంది, పై కణుపు మడవదు, స్పర్శ కూడా పెద్దగా ఉండదన్నాడు. ఏం పని చేస్తుందని అడిగాడు. కోడలు చెప్పింది. డాక్టరు అయ్యో అనకుండా తల పక్కకి తిప్పుకున్నాడు.

గుడ్డ అంచును ఎడమ చూపుడువేలే నడుపుతుంది. కంటికంటే ముందు అది పసిగడుతుంది. మాస్టారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. కోడలి చేతుల మీద రక్తం ఎండిపోయి ఉంది. దాన్ని గోటితో గీకుతూ అంది.

"నేను మొహానికి రాసుకునే క్రీము ఆ దేశానిదే. అత్తయ్య పోయిన రోజు నుంచి ముట్టుకోలేదు. మీకెవరికీ చెప్పలేదు. నాకూ కోపం ఉంది మామయ్యా. కానీ అది నా మొహం. ఇది ఆమె వేలు."

మాస్టారు ఆమె చేతుల వైపు చూశాడు. చెప్పడానికి జేబులో ఏమీ లేదు.

అప్పుడే బావమరిది వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ళ సంచీ. ఎవరు చెప్పారో అన్నీ తెలుసుకునే వచ్చాడు. కోడలు చేతులు కడుక్కోవడానికి లేచింది. అతను ఆమె జాగాలో కూర్చుని బావ మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఇలాంటప్పుడే గట్టిగా ఉండాలి బావా. కుట్టుపనిలో సూది దిగడం మామూలేగా. ఆవిడకి కమిటీ తరపున ఏదైనా చేద్దాం. ఒక్కటే, ఎల్లుండి సభ అయ్యేదాకా ఈ మాట బయటికి పొక్కకూడదు. సరుకు మానేస్తే ఇలా అవుతుందని ఒకడు మొదలెడితే చాలు, మిగతావాళ్ళు జారిపోతారు. అక్క పేరు మీద చేస్తున్న పని ఇది."

"అక్క పేరు మీద," అన్నాడు మాస్టారు.

"మరి?"

"ఆ లాయరమ్మ నీకు ఫోన్ చేస్తోందట."

మోకాలి మీది చెయ్యి ఆగింది. "చేస్తుంది. ఎందుకెత్తుతాను? వెళ్ళం అన్నాక వాళ్ళతో మాటలేముంటాయి?"

"సంచీలో పంపు ఉందని వాళ్ళకి చెప్పావా?"

"ఎవరికి?"

"అక్కని లాక్కెళ్ళిన వాళ్ళకి."

బావమరిది పళ్ళ సంచీని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరుపుకున్నాడు. "బావా, నువ్వక్కడ లేవు. ఆ గందరగోళం నీకు తెలీదు. ఒక బస్సెడు మందిని తీసుకెళ్ళాను. ఒకడికి బాత్రూం, ఒకడికి సిగ్నల్ లేదు, బయట బస్సువాడు వెళ్ళిపోతానంటాడు. వాళ్ళు అక్కని పక్కకి పిలిచారు. ఐదు నిమిషాల్లో పంపిస్తారనుకున్నాను."

"చెప్పావా?"

"మిగతావాళ్ళని హోటల్లో దింపి వెనక్కి వద్దామనుకున్నాను."

"వచ్చావా?"

"వచ్చేసరికి ఆ తలుపు దగ్గరికి పోనివ్వలేదు. ఏం చెయ్యమంటావు? నా సొంత అక్క కాదా? నాకు లేదా బాధ?"

మాస్టారు అతని చేతిని తీసి అతని ఒళ్ళోనే పెట్టాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఇన్నాళ్ళూ పుండు చూపిస్తూ కూర్చున్నది తనే. పొడుస్తున్న ముక్కు ఎవరిదో చూడలేదు. ఆ దేశం వెళ్ళకూడదని అందరికంటే గట్టిగా అరిచినవాడికి, వెళ్ళకపోవడం ఎంత అవసరమో మాస్టారికి ఇప్పుడు తెలిసింది. అరుపు ఆ దేశం మీద, దాగుడు ఆ అరుపు చాటున. ఆ గదికి తలుపేసిన వాళ్ళకీ అదే కావాలి. ఎవరూ రాకూడదు. ఎవరూ ఎదురుగా కూర్చోకూడదు. అభ్యంతరం లేదని రాసుకుని దీపం ఆర్పుకోవాలి. తను గడప తొక్కనంటే వాళ్ళకేమైంది? తొక్కొద్దనే కదా వాళ్ళు కోరుకుంటున్నది. తను వాళ్ళను శిక్షిస్తున్నాననుకుని వాళ్ళకి కాపలా కాశాడు. ఆ కాపలాకి కూలి రేడియో వేలు.

"పళ్ళు తీసుకుపో," అన్నాడు. "ఆవిడ తినదు."

సభ పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే హాలు ముందు జరిగింది. మైదానంలో కుప్ప పోశారు. సబ్బులు, సెంటు సీసాలు, పిల్లల రంగు పెన్సిళ్ళు, పాత గొడుగులు, తాళం చెడిన ఒక పెట్టె. జనం తెచ్చినవన్నీ అయిపోవచ్చినవో, విరిగినవో. ఆ దేశంలో తయారైన కార్లు హాలు పక్క నీడలో వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని కుప్పలో వెయ్యాలని ఎవరికీ తోచలేదు. గడప తొక్కం అని రాసిన గుడ్డలు గాలికి ఉబ్బుతున్నాయి.

కోడలు ముందు వరసలో కూర్చుంది. రేడియో రాలేదు. మాస్టారు వేదిక మీద కుర్చీలో కూర్చుని అందరి మాటలూ విన్నాడు. కాలేజీలో చదువు చెప్పే ఒకాయన, ప్రయాణం మానడం సగం పనేనని, సరుకు మానితేనే అది పూర్తవుతుందని లెక్కలతో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. చివరికి బావమరిది మైకు బావ చేతికిచ్చి, చెవిలో, గడప మాట, అన్నాడు.

మాస్టారు లేచాడు. మైకు ఎంత దూరంలో పట్టుకోవాలో తెలియక నోటికి ఆనించాడు.

"నేను వెళుతున్నాను," అన్నాడు.

జనం ఆగారు. ఇంకా ఏదో చెబుతాడని చూశారు.

"ఆ దేశం వెళుతున్నాను. విచారణ ఉంది. నా భార్యని కూర్చోబెట్టిన వాళ్ళ ముందు కూర్చోవాలి. నేను రానని చెబితే వాళ్ళు ఎంత సంతోషించి ఉంటారో నాకు ఇప్పుడు తెలిసింది. మీరు టూర్లు మానుకుంటే మానుకోండి. అది మీ సరదా, మీ ఇష్టం. మీ సబ్బు మానుకుంటే అదీ మీ ఒళ్ళు. నేను మాత్రం నా ఒళ్ళు దాచుకుని, నా దగ్గర పనిచేసే మనిషి వేలితో కోపం తీర్చుకున్నాను. ఆ వేలు పనికిరాకుండా పోయింది. ఈ కుప్పలో వెయ్యడానికి నా దగ్గర ఇంకేమీ లేదు."

బావమరిది నవ్వు మొహంతోనే దగ్గరికొచ్చి మైకు కోసం చెయ్యి చాపాడు. "బావకి ఒంట్లో బాగాలేదు," అన్నాడు జనంతో.

మాస్టారు మైకు ఇవ్వలేదు. "వీడూ వస్తాడు. ఆ రోజు పక్కనున్నది వీడే. మందు సంగతి చెప్పాడా లేదా అని అక్కడ అడుగుతారు. రాకపోతే ఎందుకు రాలేదో మీరడగండి."

ముందు వరసలో ఎవరో దగ్గారు. వెనక ఎవరో, ఏంటట, ఏంటట, అన్నారు. కాలేజీ ఆయన తన కాగితాలు సర్దుకున్నాడు. బావమరిది మైకు తీగ కాలికి చుట్టుకుని, విడిపించుకోవడానికి వంగి, చాలాసేపు వంగే ఉన్నాడు. మాస్టారు మెట్లు దిగి కోడలి దగ్గరికి వచ్చాడు. ఆమె అప్పటికే లేచి నిలబడింది. వెనక కుప్ప అంటించారో లేదో వాళ్ళు చూడలేదు.

మర్నాడు పొద్దున గది తాళం తీసి, మిషన్లన్నిటిలోంచి కొత్త సూదులు ఊడదీసి పాతవి పెట్టమని కోడలికి చెప్పాడు. లాయరమ్మకి ఫోను చేశాడు. వస్తున్నానన్నాడు. అటువైపు ఆమె తేలికగా ఊపిరి వదలడం వినపడింది. "వాళ్ళు మీరు రారనే అనుకుంటున్నారండి," అంది. తెలుసన్నాడు.

అక్కణ్ణుంచి రేడియో ఇంటికి నడిచాడు. ఆ సందులోకి అతను ఎప్పుడూ వెళ్ళలేదు. భార్య వెళ్ళేది. రేడియో వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని, కుడిచేత్తో ఉల్లిపాయ పొట్టు తీస్తోంది. కట్టు కట్టిన ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఉల్లిపాయను మోకాళ్ళ మధ్య నొక్కిపట్టింది. అది మాటిమాటికీ జారుతోంది.

మాస్టారిని చూసి ఆమె లేవలేదు.

"వెళుతున్నాను," అన్నాడు. "అక్కడికి. విచారణకి."

"విన్నాను."

"సూదులు మార్పించాను."

"మంచిది. మిగతావాళ్ళకి వేళ్ళున్నాయి."

అతను చెప్పాలనుకుని దారంతా కూర్చుకున్నది ఒకటుంది. అది మొదలుపెట్టబోయాడు. ఆమె ఉల్లిపాయ కింద పడింది. తీసిద్దామని అతను వంగాడు. ఆమె కాలితో దగ్గరికి లాక్కుని తనే తీసుకుంది.

"అక్కడ ఏమడుగుతారు?" అంది.

"సంచీ ఎవరు లాక్కున్నారు? ఎవరు లాక్కోమన్నారు? నా భార్య మందు అడిగి అడిగి ఊపిరాడక చచ్చిపోతుంటే ఎందుకు వినలేదు? ఆ చేసినవాణ్ణి నా ఎదురుగా నిలబెట్టి చెప్పించమంటాను."

"గట్టిగా అడగండి. మెత్తబడకండి."

"మెత్తబడను."

"వాళ్ళు తెలివిగలవాళ్ళు. రకరకాలుగా చెబుతారు. కావాలని చెయ్యలేదంటారు. ఒక మంచి కోసం పెట్టిన రూలు అంటారు. ఆమె చెప్పింది మాకు సరిగ్గా వినపడలేదంటారు. ఇంతా చేసి ఆఖర్న, జరిగినదానికి చింతిస్తున్నాం అంటారు." ఆమె మొదటిసారి తలెత్తి అతని కళ్ళలోకి చూసింది. ఉల్లిపాయ ఘాటుకి ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తడిగా లేవు. "అన్నీ బాగా విని రండి మాస్టారూ. ఒక్కటీ మర్చిపోకండి. తిరిగొచ్చాక ఈ వేలి గురించి నేను మిమ్మల్ని అడుగుతాను. అప్పుడు వాటిలో ఒక్కటి కూడా మీరు నాకు చెప్పకూడదు."

ఆమె ఉల్లిపాయను మళ్ళీ మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. పక్కన ఇంకో పీట ఖాళీగా ఉంది. అతను నిలబడే ఉన్నాడు. ఆమె కూర్చోమనలేదు.